సృజన పనికి ఏ నగరం మంచిది? మకాం మార్చే ముందు ఒక పోలిక

రచన, సంగీతం, బొమ్మలు, డిజైన్, సినిమా, సొంతంగా ఓ యాప్. ఇలాంటి పని తలకెత్తుకున్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఊరు మారాలనిపిస్తుంది. అప్పుడు వెతికితే దొరికేవి ర్యాంకుల జాబితాలు. మ్యూజియాలు ఎన్ని, ఉత్సవాలు ఎన్ని, విమానాశ్రయం ఎంత పెద్దది అని లెక్కపెట్టి మార్కులు వేస్తారు. నాలుగు రోజులు చూసి వచ్చేవాళ్ళకి అవి పనికొస్తాయి. అక్కడే ఉండి పని చేసుకోవాలనుకునేవాళ్ళకి అంతగా పనికిరావు. మ్యూజియంలో ఉన్నది ఎప్పుడో పూర్తయిన పని. మీరు చేయబోయేది ఇంకా మొదలే కాలేదు.

నేనైతే ముందు ఒకటే అడుగుతాను. ఈ నగరంలో ఒక ప్రయత్నం బెడిసికొడితే ఎంత పోతుంది? నాటకం ఆడలేదు, ఆల్బమ్ ఎవరూ వినలేదు, పెట్టిన కంపెనీ ఏడాదిలో మూతపడింది అనుకోండి. ఆ తర్వాత కూడా అదే గదిలో ఉంటూ రెండోది మొదలుపెట్టగలిగితే ఆ నగరంలో కొత్త పనులు పుడతాయి. ఒక్క దెబ్బకే సామాను సర్దుకోవాల్సి వస్తే, అక్కడ ఎంత ప్రతిభ ఉన్నా అందరూ ముందే ఆడి నిరూపణ అయిన పనులే చేస్తారు. తప్పు వాళ్ళది కాదు, అద్దెది.

నగరాల మీద రాసిన అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే ఈ లెక్క విప్పి చెప్పింది. నగరం చురుగ్గా ఉండాలంటే నాలుగు కావాలంది: ఒకే వీధిలో ఇళ్ళు, పనిచోట్లు, దుకాణాలు కలిసి ఉండటం, మలుపులు తిరిగే వీలున్న పొట్టి వీధులు, కొత్తవాటి మధ్య పాత కట్టడాలు, తగినంత జనం. వీటిలో పాత కట్టడాల సంగతి కళాకారులకి అన్నిటికన్నా ముఖ్యం. కొత్త భవనానికి కట్టిన ఖర్చు రాబట్టుకోవాలి, కాబట్టి అద్దె ఎక్కువ. ఆ అద్దె కట్టగలిగేది ఇప్పటికే లాభాల్లో ఉన్న వ్యాపారమే. ఖర్చు ఎప్పుడో రాబట్టుకున్న పాత గోదాములో, సున్నం రాలిన మేడ మీద గదిలో మాత్రమే ఏమవుతుందో తెలియని పనికి చోటు దొరుకుతుంది.

ఈ ప్రశ్న పట్టుకుని, సాధారణంగా మన ముందుండే నగరాలని ఒక్కో రకంగా చూద్దాం.

మహానగరం

మొదట అందరి చూపూ దీని మీదే. దానికి కారణం ఉంది. లూయిస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్, వాళ్ళ సహచరులు 2007లో నగరాల పరిమాణం మీద చేసిన అధ్యయనంలో జనాభా రెట్టింపైతే తలసరి జీతాలు, పేటెంట్లు సుమారు 15 శాతం పెరుగుతాయని తేలింది. ఎక్కువమంది, ఎక్కువ కలయికలు. అదే తీరులో నేరాలూ, అంటురోగాలూ పెరుగుతాయని కూడా అందులోనే ఉంది. ఆ సగం ఎవరూ ప్రచారం చేయరు.

అయితే మహానగరంలో కొత్తది పుట్టే చోటు దాని మెరిసే నడిబొడ్డు కాదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అపార్టుమెంటు కామన్ హాల్లో పార్టీ జరిగింది. జమైకా నుంచి వచ్చిన కుర్రాడు క్లైవ్ క్యాంప్‌బెల్, డీజే కూల్ హెర్క్ పేరుతో, రెండు టర్న్‌టేబుళ్ళ మీద పాటలు వేశాడు. పాటలో డ్రమ్స్ మాత్రమే మోగే ముక్కని సాగదీసి జనాన్ని ఆడించడం అతని పద్ధతి. హిప్ హాప్ పుట్టుకని చాలామంది ఆ రాత్రి నుంచే లెక్కపెడతారు. అప్పటి బ్రాంక్స్ ఏ ర్యాంకుల జాబితాలోనూ ఎక్కేది కాదు. ఆ హాలు మాత్రం కుర్రాళ్ళకి అందుబాటులో ఉంది.

అదే నగరంలో సోహో కథ వేరు. చిన్న పరిశ్రమలు వెళ్ళిపోయాక 1960ల్లో కళాకారులు అక్కడి ఇనుప స్తంభాల గోదాముల్లో దొంగచాటుగా కాపురం పెట్టారు. గుర్తింపు పొందిన కళాకారులు అక్కడ ఉండొచ్చని 1971లో నగరం నిబంధన మార్చింది. ఇప్పుడు అక్కడ ఖరీదైన బట్టల షోరూములు ఉన్నాయి. సోహో పేరు విని ఇవాళ న్యూయార్క్ వెళ్ళేవాళ్ళు అర్ధశతాబ్దం ఆలస్యంగా వెళ్తున్నట్టు.

టోక్యో దీనికి కొంత మినహాయింపు. అక్కడ ఇళ్ళ నిర్మాణం ఆగకుండా సాగుతూ ఉండటంతో, న్యూయార్క్, లండన్‌లతో పోలిస్తే చిన్న గది దొరకడం తేలిక. షింజుకులోని గోల్డెన్ గాయ్‌లో ఇరుకు సందుల్లో సుమారు 200 బుల్లి బార్లు ఉన్నాయి. చాలావాటిలో పదిమంది కూర్చుంటే నిండిపోతాయి. ఒక్కోదానికి ఒక్కో గుంపు: రచయితలు ఒకచోట, సినిమావాళ్ళు ఒకచోట. కొద్దిమందితోనే నడిచిపోయే చోటు ఇన్ని రకాలుగా ఉండటం పెద్ద వరం. మీ అభిరుచి ఎంత వింతదైనా, కోటి మంది ఉన్న నగరంలో దానికి పదిమంది దొరుకుతారు.

నైజీరియాలోని లాగోస్‌ని కూడా ఇక్కడే చెప్పాలి. వీడియో క్యాసెట్ల వ్యాపారి కెనెత్ ఎన్నెబూ 1992లో ఇగ్బో భాషలో ఓ సినిమా తీసి, థియేటర్ల జోలికి పోకుండా నేరుగా క్యాసెట్ల మీద అమ్మాడు. అది బాగా ఆడింది. మిగతా వ్యాపారులూ అదే బాట పట్టారు, నాలీవుడ్ అనే నైజీరియా సినిమా పరిశ్రమ అలా ఊపందుకుంది. ప్రభుత్వ పథకం లేదు, స్టూడియో లేదు. చవగ్గా తీయొచ్చు, మార్కెట్లో నాలుగడుగులు వేస్తే కొనేవాడు ఉన్నాడు. ఒక సినిమా పోతే వచ్చే నష్టం ఇంకో సినిమా తీయలేనంత కాదు.

కాబట్టి మహానగరం ఎవరికి? చాలామంది కలిస్తే గానీ జరగని పని ఉన్నవాళ్ళకి (సినిమా, నాటకం, ప్రచురణ), లేదా అతి కొద్దిమందికే నచ్చే పని చేసేవాళ్ళకి. ఒంటరిగా కూర్చుని నవల రాసేవాళ్ళు అక్కడికి వెళ్ళి, అద్దె కోసం రోజంతా వేరే ఉద్యోగం చేసి, రాత్రి అలసిపోయి పడుకోవడంలో అర్థం లేదు.

ఖాళీ అయిన నగరం

పరిశ్రమలు మూతపడి, జనం వెళ్ళిపోయి, కట్టడాలు మిగిలిన నగరాలు. నా మొగ్గు వీటివైపే. అది ముందే చెప్పడం నయం.

బెర్లిన్ దీనికి పెద్ద ఉదాహరణ. 1989లో గోడ కూలాక తూర్పు వైపు వేల ఇళ్ళు, ఫ్యాక్టరీలు ఖాళీగా పడి ఉన్నాయి. నాజీల కాలంలో లాక్కున్నవి, తర్వాత తూర్పు జర్మనీ ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నవి కలిసిపోయి, ఏ కట్టడం ఎవరిదో తేలడానికి ఏళ్ళు పట్టింది. ఆ సందులోకి కుర్రాళ్ళు దూరారు. పాత షాపింగ్ భవనం టాఖెలెస్‌ని 1990లో కళాకారులు ఆక్రమించారు. వెర్ట్‌హైమ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కింద ఉన్న ఉక్కు లాకర్ల గదిలో 1991లో ట్రేజర్ అనే టెక్నో (ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం) క్లబ్ మొదలైంది. పడమటి బెర్లిన్‌లో 1949 నుంచే బార్లకి మూసే వేళ అంటూ లేకపోవడం కలిసొచ్చింది. యజమాని ఎవరో తెలియని చోట అద్దె ఎవరు పెంచుతారు?

తెలిసే రోజు వస్తుంది మరి. 2012లో టాఖెలెస్‌ని ఖాళీ చేయించారు. అద్దెలు ఎంత పెరిగాయంటే, 2020లో నగరం చట్టం చేసి వాటికి పరిమితి పెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాది రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. ఇవాళ చవక అద్దె ఆశతో బెర్లిన్ వెళ్ళేవాళ్ళు నిరాశపడతారు. క్లబ్బులు, గ్యాలరీలు, తోటి కళాకారులు మాత్రం ఇంకా ఉన్నారు. అంటే అది ఇప్పుడు ఖాళీ నగరం కాదు, మహానగరం. ఆ లెక్కనే చూడాలి.

డెట్రాయిట్ ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే అది బాగున్న రోజుల్లోనూ, చితికిన రోజుల్లోనూ కొత్త సంగీతం ఇచ్చింది. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన బెరీ గోర్డీ 1959లో ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మోటౌన్ అనే పాటల రికార్డుల కంపెనీ మొదలుపెట్టాడు. స్టూడియో అంటే మామూలు ఇల్లు. ఆ కాలంలో కార్మికులకి మంచి జీతాలు ఉండేవి, బడుల్లో సంగీతం నేర్పేవారు. పాడేవాళ్ళు వీధికొకరు దొరికారు. 1972లో కంపెనీ లాస్ ఏంజెలస్‌కి తరలిపోయింది. 1980ల్లో, నగరం సగం ఖాళీ అవుతున్న వేళ, హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్‌సన్ అనే స్నేహితులు రేడియోలో విన్న జర్మన్ ఎలక్ట్రానిక్ సంగీతాన్నీ అమెరికన్ ఫంక్‌నీ కలిపి టెక్నో తయారుచేశారు. జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ వాయించింది విన్నారు గానీ, అది ఏ ఊళ్ళో, ఏ వాతావరణంలో పుట్టిందో వాళ్ళు చూడలేదు. మిగతాది ఊహించుకున్నారు. సొంతముద్ర తరచుగా ఇలాగే పడుతుంది: బయటి నుంచి వచ్చింది సగమే చేరుతుంది, మిగతా సగం మన దగ్గరున్నదానితో పూరించుకుంటాం. అన్నీ ఎప్పటికప్పుడు చేరే నగరాల్లో జనం ఎప్పటికప్పుడు అనుకరిస్తారు.

ఖాళీ నగరంలో చిక్కు డబ్బు. చోటు ఉంటుంది, కొనేవాళ్ళు ఉండరు. బస్సులు సరిగ్గా తిరగవు, చీకటి పడితే టెన్షన్. ఆదాయం వేరేచోటి నుంచి వచ్చేవాళ్ళకి, అంటే ఆన్‌లైన్ పని ఉన్నవాళ్ళకి, దూరంలో ఖాతాదారులు ఉన్నవాళ్ళకి ఇది బంగారం. స్థానికంగానే అమ్ముకోవాల్సినవాళ్ళకి కష్టం. ఇంకోటి, మీరు వెళ్ళేసరికి ఆ ఊరి గురించి పత్రికలు ‘కొత్త బెర్లిన్’ అని రాయడం మొదలుపెట్టి ఉంటే, లీజు సంవత్సరానికి కాకుండా వీలైనంత పొడుగ్గా రాయించుకోండి.

ఒకే రంగం నగరం

మీ పని ఏమిటో ముందే తేలిపోయి ఉంటే దీన్ని మించింది లేదు. చైనాలో షెన్‌జెన్‌లోని హువాచియాంగ్‌బే మార్కెట్లలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలన్నీ నడిచేంత దూరంలో దొరుకుతాయి. ఇంకోచోట వారాలు ఎదురుచూసి తెప్పించుకునే భాగం అక్కడ మధ్యాహ్నానికి చేతిలో ఉంటుంది. నమూనా పని చేయకపోతే పోయేది ఒక రోజు. నా మొదటి ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు లేదు.

అయితే రంగం ఒకటే అయినా నగరాలు ఒకటి కావు. పరిశోధకురాలు అనాలీ శాక్సేనియన్ 1994లో సిలికాన్ వ్యాలీని, బోస్టన్ పక్కనున్న రూట్ 128 ప్రాంతాన్ని పోల్చింది. రెండుచోట్లా గొప్ప విశ్వవిద్యాలయాలు, రెండుచోట్లా ఎలక్ట్రానిక్స్ కంపెనీలు. బోస్టన్ వైపు కంపెనీలు అన్నీ లోపలే చేసుకుంటూ తలుపులు మూసుకుని ఉండేవి. వ్యాలీలో జనం ఒక కంపెనీ నుంచి ఇంకోదానికి మారుతూ, పోటీ కంపెనీవాళ్ళతో సాయంత్రం కబుర్లు చెప్పుకుంటూ ఉండేవారు. దీనికి చట్టం అండ కూడా ఉంది. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే ఒప్పందాలు కాలిఫోర్నియాలో 1872 నుంచే చెల్లవు. కంపెనీ మూతపడినా, అక్కడ నేర్చుకున్నదానితో మర్నాడు ఎదురు వీధిలో పని మొదలుపెట్టొచ్చు. ఉద్యోగం కోసం నగరం మారేవాళ్ళు జీతంతో పాటు ఈ షరతు కూడా చదువుకోవాలి. చాలామంది చదవరు.

పాత కాలం నుంచి ఒకటి. 1401లో ఫ్లోరెన్స్‌లో బట్టల వర్తకుల సంఘం బాప్టిస్టరీ (బాప్తిస్మమిచ్చే మందిరం) కంచు తలుపుల కోసం పోటీ పెట్టింది. గిబెర్టీ గెలిచాడు. బ్రూనెల్లెస్కీ గెలవలేదు. ఇద్దరూ కంసాలి పనిలో తయారైనవాళ్ళే, అప్పటికి ఇద్దరికీ ఇరవై పైచిలుకు వయసే. ఓడినవాడు శిల్పం నుంచి కట్టడాల వైపు మళ్ళాడు, రోమ్‌లో పాత నిర్మాణాలు పరిశీలించాడు. తర్వాత అదే నగరం అతనికి ప్రధాన చర్చి గుమ్మటం అప్పగించింది. 1420లో మొదలై 1436లో పూర్తయిన ఆ గుమ్మటం ఇప్పటికీ నిలబడి ఉంది. ఫ్లోరెన్స్ గొప్పతనం మెదీచీ అనే బ్యాంకర్ల కుటుంబం డబ్బు అంటారు. డబ్బు చాలా నగరాల్లో ఉంది. ఓడినవాడికి మళ్ళీ పెద్ద పని ఇచ్చే పోటీలు, సంఘాలు, ఆ పని మంచిచెడ్డలు తెలిసిన జనం అక్కడ ఉన్నారు.

ఈ రకం నగరంలో ప్రమాదం ఏమిటో కార్ల పరిశ్రమ మీద బతికిన డెట్రాయిటే చెబుతుంది. 1950లో సుమారు 18.5 లక్షలున్న జనాభా 2020 నాటికి 6.4 లక్షలకి పడిపోయింది. రంగం కూలితే అందరూ ఒకేసారి కూలతారు. పక్కింటివాడు కూడా మీ పనే చేస్తున్నాడంటే, మీకు కష్టం వచ్చినప్పుడు అతనికీ వస్తుంది.

ముద్ర వేసుకున్న నగరం

‘సృజనాత్మక నగరం’ అనే బోర్డు పెట్టుకున్నవి. యునెస్కో 2004లో ఈ నగరాల నెట్‌వర్క్ ప్రారంభించింది. సాహిత్య నగరంగా మొదట ఎంపికైంది ఎడిన్‌బరో. ఇలాంటి గుర్తింపుతో నగర పాలకులకి ఉత్సాహం, కొంత నిధులు వస్తాయి. మీ గది అద్దె తగ్గదు.

స్పెయిన్‌లోని బిల్బావోని చూపించి ప్రతి నగరమూ మ్యూజియం కట్టాలనుకుంటుంది. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీ గీసిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియాన్ని అక్కడ 1997లో తెరిచారు, పర్యాటకులు పోటెత్తారు. నిజమే. కానీ అంతకుముందే నది శుభ్రం చేయడం మొదలైంది, 1995లో మెట్రో వచ్చింది, పాత ఓడరేవు భూముల్ని తిరిగి వాడుకోవడానికి 1992లోనే ప్రత్యేక సంస్థ పెట్టారు. మ్యూజియం ఫోటోలో పడింది, మురుగునీటి పైపులు పడలేదు. మెరిసే భవనం మాత్రమే కాపీ కొట్టిన నగరానికి మకాం మార్చకండి.

దీనికన్నా మెడెయిన్ నాకు నచ్చుతుంది. 1990ల మొదట్లో హత్యలకి పేరుపడిన ఆ కొలంబియా నగరం 2004లో కొండ మీది పేదవాడలకి రోప్‌వే వేసి మెట్రోతో కలిపింది, తర్వాత ఆ వాడల్లోనే పెద్ద గ్రంథాలయాలు కట్టింది. డబ్బు అతిథుల కోసం పెట్టారా, అక్కడ ఉండేవాళ్ళ కోసం పెట్టారా అన్నది చూస్తే నగరం స్వభావం తెలిసిపోతుంది.

ఉత్సవాల నగరాలకి ఒక్క మాట. 1947లో ఎడిన్‌బరో అంతర్జాతీయ ఉత్సవం మొదలైనప్పుడు ఎనిమిది నాటక బృందాలు పిలవకుండానే వచ్చి అసలు ఉత్సవానికి అంచున, వేరే చోట్ల ఆడాయి. అదే ఫ్రింజ్ (అంటే అంచు) ఉత్సవం అయింది. ఇప్పటికీ ఏ నాటకం ఆడాలో అక్కడ ఎంపిక సంఘం నిర్ణయించదు. చోటు సంపాదించుకుంటే చాలు. ఆ తలుపు తెరిచి ఉండటమే దాని బలం. ఆగస్టులో అక్కడ బస ఖర్చు భరించడం మాత్రం చిన్న బృందాల తరం కావడం లేదు. ఇలాంటి నగరానికి ఏటా వెళ్ళి రండి, కాపురం పెట్టడానికి వేరే కారణం ఉండాలి.

మొత్తం కొత్తగా, ప్లాన్ గీసి కట్టిన రాజధానుల గురించి ఎక్కువ చెప్పేది లేదు. 1960లో ప్రారంభమైన బ్రెజీలియా కట్టడాలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఇళ్ళు ఒకచోట, ఆఫీసులు ఇంకోచోట, వినోదం మరోచోట అని విడదీసిన నగరంలో అనుకోకుండా ఎవరూ ఎవరికీ తారసపడరు. పాత కట్టడం అంటూ ఉండటానికి రెండు తరాలు పడుతుంది.

వెళ్ళి చూసేటప్పుడు

పండగ రోజుల్లో వెళ్ళకండి. మామూలు మంగళవారం రాత్రి, పేరున్నవాళ్ళెవరూ లేని కార్యక్రమానికి వెళ్ళి ఎంతమంది వచ్చారో చూడండి. పేరులేనివాడి పని చూడటానికి పాతికమంది డబ్బిచ్చి వస్తున్నారంటే ఆ నగరంలో మీకూ చోటుంది.

మీ పనే చేస్తూ మధ్యస్థంగా సంపాదిస్తున్న ఒకరిని పట్టుకుని, నెలలో ఎన్ని రోజుల సంపాదన అద్దెకి పోతుందని అడగండి. పేరు తెచ్చుకున్నవాళ్ళని అడగొద్దు, వాళ్ళ జవాబు మీకు వర్తించదు. వియన్నాలో దాదాపు సగం మంది నగరపాలక, సబ్సిడీ ఇళ్ళలో ఉంటారు. పేరు కోసం అంగలార్చని ఇలాంటి మధ్యరకం నగరాలు జాబితాల్లో కిందన ఉన్నా ఈ లెక్కలో పైకొస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ ఇళ్ళు ఎన్నేళ్ళకి దొరుకుతాయో మాత్రం విడిగా కనుక్కోవాలి.

సంగీతం వాళ్ళు శబ్దం నిబంధనలు తప్పక చూడాలి. లండన్‌లో 2007 నుంచి 2015 మధ్య చిన్న సంగీత వేదికలు 35 శాతం తగ్గిపోయాయి. క్లబ్ పక్కన కొత్త అపార్టుమెంట్లు కట్టడం, వచ్చినవాళ్ళు శబ్దం మీద ఫిర్యాదు చేయడం దానికి ఒక కారణం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో దీన్ని తిరగేసింది: వేదిక ముందే ఉంటే, కొత్తగా కట్టేవాడే గోడలకి శబ్దం ఆగే ఏర్పాటు చేసుకోవాలి. ఈ నిబంధన ఉన్న నగరం, లేని నగరం మధ్య తేల్చుకోవాల్సి వస్తే ఉన్నదానికే ఓటేయండి.

చివరికి రెండు నగరాలు మిగిలితే

చేతిలో పొదుపు కొంచెమే, పని ఇంకా రూపం దాల్చలేదంటే ఖాళీ నగరమో, అద్దె అదుపులో ఉన్న మధ్యరకం నగరమో. పని తెలుసు, దాన్ని నేర్పే ఉస్తాదులు కావాలంటే ఒకే రంగం నగరం, అదీ ఉద్యోగం మారడానికి అడ్డు లేని చోట. పని చేతికొచ్చింది, ఇప్పుడు జనం కావాలంటే మహానగరం, దాని నడిబొడ్డులో కాకుండా ఇంకా పాత గోదాములు మిగిలిన అంచుల్లో. ముద్ర ఉన్న నగరాన్ని ఆ ముద్ర కోసం ఎంచుకోవడానికి నాకైతే ఒక్క కారణం కూడా కనిపించదు.

ఇంత చేశాక కూడా తూకం సమానంగా ఉంటే, మీ పని చదివి మొహమాటం లేకుండా బాగాలేదని చెప్పగల ఇద్దరు ముగ్గురు ఎక్కడ ఉన్నారో ఆ నగరం తీసుకోండి. లీజు మాత్రం మొదటి ఏడాది వాళ్ళ పేటలోనే, వాళ్ళింటికి నడిచి వెళ్ళేంత దూరంలో.